'అవును' అనే మాటకు ఎన్ని పుట్టిళ్ళు?

ప్రియమైన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు మీ చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని పెద్దలు అడిగారు. ఎం.ఏ.లో భాషాశాస్త్రం చదువుతున్నప్పుడు నాకు బాగా నచ్చిన పాఠాన్నే మీకోసం తేలిక మాటల్లో రాస్తున్నాను. ఒక భాషలో "అవును", "సరే" అనే మాటలు ఎక్కడి నుంచి పుడతాయి అన్నదే ఆ పాఠం.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఒకసారి ఆలోచించండి. మనం హాస్టల్లో చేరాలంటే 'అడ్మిషన్' కావాలి. స్కాలర్‌షిప్ రావాలంటే 'శాంక్షన్' కావాలి. ఇంటికి వెళ్ళాలంటే వార్డెన్ గారి 'పర్మిషన్' కావాలి. ఇల్లు కట్టుకోవాలంటే ప్లాన్‌కు 'అప్రూవల్' కావాలి. పొలం కొన్నా, అప్పు తెచ్చినా 'అగ్రిమెంట్' రాసుకోవాలి. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు 'కన్సెంట్' కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ ఆరు మాటలూ వేరువేరు పనులకు వాడుతున్నా, అన్నిటి లోపలా ఉన్నది ఒకటే: ఎవరో ఒకరు 'సరే' అనడం. ఇంకో విశేషం ఏమిటంటే ఈ ఆరూ ఇంగ్లీషు మాటల్లా వినిపించినా, వాటి పుట్టిల్లు ఇంగ్లండు కాదు. రెండు వేల ఏళ్ళ క్రితం రోమ్ నగరంలో మాట్లాడిన లాటిన్ భాష.

1. 'అవును' లేని భాష

లాటిన్ గొప్ప సాహిత్యం, గొప్ప న్యాయశాస్త్రం ఉన్న భాష. అయినా అందులో ఇంగ్లీషు 'యెస్' లాంటి మాట ఒక్కటి కూడా స్థిరంగా లేదు. మరి రోమన్లు ఒప్పుకోలు ఎలా చెప్పేవారు? మనం చెప్పినట్టే చెప్పేవారు!

మన ఇళ్ళలో చూడండి. "అన్నం తిన్నావా?" అని అమ్మ అడిగితే "తిన్నాను" అంటాం. "రేపు వస్తావా?" అంటే "వస్తాను" అంటాం. అడిగిన క్రియనే తిప్పి చెబుతాం. లాటిన్ పద్ధతి కూడా ఇదే. రోమన్ న్యాయంలో నోటిమాటతో చేసే ఒప్పందం ఒకటుండేది. ఒకడు "దబిస్?" అనేవాడు, అంటే "ఇస్తావా?" అని. రెండోవాడు "దబో" అనాలి, అంటే "ఇస్తాను" అని. లేదా "స్పొందేస్నే?" (మాట ఇస్తావా?) అంటే "స్పొందెయో" (మాట ఇస్తాను) అనాలి. అడిగిన క్రియతోనే జవాబు చెబితే ఒప్పందం కుదిరినట్టు. ఈ క్రియ నుంచే ఇప్పుడు మనం వాడే 'స్పాన్సర్', 'రెస్పాన్స్' అనే మాటలు వచ్చాయి. మాట ఇచ్చినవాడు స్పాన్సర్, తిరిగి మాట ఇవ్వడం రెస్పాన్స్.

క్రియను తిప్పి చెప్పడం కాక రోమన్లు ఇంకో రెండు మూడు చిన్న మాటలు వాడేవారు. 'సిక్' అంటే 'అలా'. 'ఇటా' అన్నా 'అలాగే'. 'హోక్' అంటే 'ఇది'. ఐరోపా భాషల 'అవును' కథ ఈ మాటలతోనే మొదలైంది.

2. అలా, ఇది: ఈ రెండు మాటల బిడ్డలు

రోమన్ సామ్రాజ్యం విచ్ఛిన్నమయ్యాక లాటిన్ ఒక్కో ప్రాంతంలో ఒక్కో విధంగా మారి కొత్త భాషలయ్యింది. 'సిక్' అనే మాట ఇటలీలోనూ, స్పెయిన్‌లోనూ 'సీ' అయింది. పోర్చుగల్‌లో ముక్కుతో పలికే 'సిమ్' అయింది. అంటే ఒక స్పెయిన్ దేశస్థుడు 'సీ' అన్నప్పుడల్లా అతని నోట లాటిన్ 'అలా' పలుకుతున్నదన్నమాట.

ఫ్రాన్స్ దేశంలో కథ వేరు. దక్షిణాన 'హోక్' (ఇది) అనే మాట 'ఓక్' అయి 'అవును' అర్థంలో నిలిచిపోయింది. ఉత్తరాన 'హోక్ ఇల్లే' (ఇది, అతడు) అనే జంట మాట 'ఓయిల్' అయింది. తర్వాత చివరి అక్షరం అరిగిపోయి నేటి ఫ్రెంచి 'వీ' అయింది. పోర్చుగీసు వారు నేటికీ చాలాసార్లు మనలాగే క్రియను తిప్పి చెప్పి ఒప్పుకుంటారు. రొమేనియా భాష కూడా లాటిన్ బిడ్డే గానీ, వాళ్ళ 'ద' అనే మాట ఇరుగుపొరుగు స్లావు భాషల నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితులు చెబుతారు.

ఇటలీ మహాకవి డాంటే 1300 తర్వాతి తొలి ఏళ్ళలో భాషల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో ఈ భాషలను 'అవును' అనే మాటను బట్టే మూడుగా విడదీశాడు. ఓక్ అనేవారి భాష, ఓయిల్ అనేవారి భాష, సీ అనేవారి భాష. దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతానికి ఆ పేరే స్థిరపడింది. 'లాంగ్‌డాక్' అంటే 'ఓక్ భాష' అని అర్థం. అంటే ప్రజలు 'అవును' అనే తీరే ఆ నేలకు పేరయింది!

అయితే ఆ 'ఓక్' భాషకు తర్వాత కష్టకాలం వచ్చింది. 1539లో ఫ్రాన్స్ రాజు రాజ్యంలోని న్యాయ పత్రాలన్నీ ఫ్రెంచిలోనే ఉండాలని శాసనం చేశాడు. ఆ తర్వాతి కాలపు బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో గుర్తు తగిలించి సిగ్గుపరిచేవారు. అయినా ఆ భాషలో రాసిన ఫ్రెడరిక్ మిస్త్రాల్ అనే కవికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆఫీసు భాష కాకపోయినంత మాత్రాన ఒక భాష తక్కువది కాదని ఇక్కడ మనం గమనించాలి.

3. మన తెలుగు సంగతి

ఇప్పుడు మన మాటలు చూద్దాం.

అవును: ఇది నిజానికి ఒక క్రియ. 'అగు' ధాతువు నుంచి వచ్చింది. 'అగును' అనేదే 'అవును', 'ఔను' అయింది. 'కాదు' కూడా ఆ క్రియకే వ్యతిరేక రూపం. అంటే మన అవును, కాదు ఒకే తల్లి బిడ్డలు.

అలాగే: లాటిన్ 'సిక్' అర్థమూ, మన 'అలా' అర్థమూ ఒకటే. రోమ్‌కూ పల్నాడుకూ సంబంధం లేకుండానే రెండు చోట్లా మనిషి బుర్ర ఒకే దారిన నడిచింది.

సరే: 'సరి' అంటే సమానం, తూకం కుదిరినది. నువ్వు అన్నదీ నేను అనుకున్నదీ తూగాయి అని చెప్పడమే సరే.

ఒప్పు: పాత తెలుగులో ఒప్పు అంటే అందం, తగి ఉండడం. ఆడపిల్లలు చేతులు పట్టుకుని తిరిగే 'ఒప్పులకుప్ప' ఆటలో ఉన్నది ఆ ఒప్పే. మనసుకు తగినదిగా, అందంగా తోచినదాన్ని తనది చేసుకోవడం 'ఒప్పుకోవడం'.

సంస్కృతం నుంచి మనకు వచ్చిన మాటలూ ఉన్నాయి. 'సమ్మతి' అంటే సమ్ + మతి, మనసులు కలవడం. లాటిన్ 'కన్సెంట్' కూడా అచ్చంగా ఇలాంటిదే: 'కాన్' అంటే కలిసి, 'సెంతిరే' అంటే అనుభూతి చెందడం. 'ఆమోదం' అనే మాటకు మొదటి అర్థాలు సంతోషం, సువాసన. లాటిన్‌లో ఆమోదం తెలపడానికి 'ప్లాచెట్' అనేవారు, అంటే 'ఇది నాకు సంతోషం' అని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అర్థం కలిసినంత మాత్రాన, శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. పందెంలో మనం 'సై' అంటాం, స్పెయిన్ వారు 'సీ' అంటారు. ఈ రెంటికీ ఏ బంధుత్వమూ లేదు. సంస్కృతానికీ లాటిన్‌కూ బంధుత్వం ఉందని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాడు. 'తథాస్తు'లోని 'అస్తు', లాటిన్ 'ఎస్తో' ('అగుగాక') ఒకే ధాతువు బిడ్డలు. కానీ తెలుగు వేరే కుటుంబం. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, అవి వేరే కుటుంబమని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. ఆ నిరూపణ అచ్చయింది ఒక తెలుగు వ్యాకరణ గ్రంథానికి పీఠికలోనే.

4. ఇంటి 'సరే' వేరు, ఆఫీసు 'సరే' వేరు

ఇంగ్లీషు వారి 'యెస్' లాటిన్ మాట కాదు. అది వాళ్ళ పాత ఇంటి భాషది. మరి ఆఫీసు మాటలు లాటిన్‌వి ఎలా అయ్యాయి? 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచారు. కోర్టులు, దస్తావేజులు ఫ్రెంచి, లాటిన్ భాషల్లోకి మారాయి. ప్రజలు ఇంట్లో 'యెస్' అన్నారు, దొరలు కచ్చేరీలో 'గ్రాంట్' అన్నారు. ఆ మాటలే తర్వాత కంపెనీ ఓడ ఎక్కి మన దేశానికి వచ్చాయి. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది.

ఈ ఆఫీసు మాటల లోపలి అర్థాలు తెలుసుకుంటే అవి భయపెట్టవు. వరుసగా చూడండి.

పర్మిట్, పర్మిషన్: 'పెర్' అంటే గుండా, 'మిత్తెరే' అంటే పంపడం, వదలడం. దారి వదలడం అని అర్థం.

అడ్మిషన్: ఇందులోనూ అదే 'మిత్తెరే'. లోపలికి వదలడం.

లైసెన్స్: 'లిచెత్' అంటే 'చేయవచ్చు' అని. చేయవచ్చు అన్న కాగితమే లైసెన్స్.

అప్రూవల్: 'ప్రోబుస్' అంటే మంచిది. పరీక్షించి మంచిదని తేల్చడం. ఉద్యోగంలో మొదట ఉండే 'ప్రొబేషన్' కూడా దీని చెల్లెలే.

గ్రాంట్: 'క్రేదెరే', అంటే నమ్మడం అనే మాట నుంచి వచ్చింది. బ్యాంకు 'క్రెడిట్' కూడా ఇక్కడిదే.

కన్ఫర్మ్: 'ఫిర్ముస్' అంటే గట్టిది. గట్టిపరచడం. రైలు టికెట్ 'కన్ఫర్మ్' అయిందంటే సీటు గట్టిపడిందని.

అగ్రిమెంట్: 'గ్రాతుస్' అంటే మనసుకు నచ్చినది. పరీక్షల్లో కలిపే 'గ్రేస్' మార్కులు కూడా ఈ ఇంటివే.

శాంక్షన్: 'సాంకీరే' అంటే పవిత్రం చేయడం. 'సెయింట్' అనే మాట దీని తోబుట్టువు. దైవసాక్షిగా స్థిరపరచినది శాంక్షన్. ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. మనకు డబ్బు మంజూరైతే శాంక్షన్. ఒక దేశం మీద ఆంక్షలు పెట్టినా శాంక్షన్సే. శాసనాన్ని పవిత్రం చేయడమూ, దాన్ని మీరినవారిని శిక్షించడమూ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉండడం వల్ల ఇలా జరిగింది.

చివరికి మన 'ఓకే'లో కూడా లాటిన్ ముక్క ఉంది. 1839లో అమెరికాలోని బోస్టన్ పత్రిక ఒకటి 'ఆల్ కరెక్ట్' అనే మాటను సరదాగా తప్పు స్పెల్లింగుతో రాసి పొట్టి చేసింది. అదే ఓకే. అందులోని 'కరెక్ట్' లాటిన్‌దే.

5. చూడడమే ఒప్పుకోవడం

కంపెనీ రాకముందు మన ప్రాంతాన్ని గోల్కొండ సుల్తానులు, తర్వాత మొగలాయిలు, నవాబులు పాలించారు. వాళ్ళ కచ్చేరీ భాష ఫారసీ. దాని ద్వారా అరబ్బీ మాటలు మన ఊళ్ళకు వచ్చాయి. 'కబూలు', 'ఖరారు', 'రాజీ', 'మంజూరు' అన్నీ ఆ కోవలోవే. 1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగు మన రాష్ట్రంలో అధికార భాష అయినా, నేటికీ ఉత్తర్వుల్లో 'మంజూరు చేయడమైనది' అనే రాస్తారు.

'మంజూరు' అంటే అసలు అర్థం 'చూడబడినది'. 'నజర్' (చూపు) ఉన్న ధాతువు నుంచి పుట్టింది. విదేశాలకు వెళ్ళడానికి కావలసిన 'వీసా' ఉంది కదా, అది లాటిన్ 'విదేరే' (చూడడం) నుంచి వచ్చింది. దాని అర్థమూ 'చూడబడినది' అనే. అరబ్బీ వారిదీ లాటిన్ వారిదీ ఒకే ఆలోచన. అధికారి కంట పడితేనే కాగితానికి ప్రాణం! మన ఫైలు బల్ల మీద కదలకుండా ఉంటే అది ఇంకా 'చూడబడలేదు' అన్నమాట.

మన పల్నాడులో ప్రతి ఇంటికీ తెలిసిన మాట 'కౌలు'. ఇది అరబ్బీ 'ఖౌల్' నుంచి వచ్చింది. అర్థం 'పలికిన మాట'. అంటే కౌలు అసలు కాగితం కాదు, ఇచ్చిన మాట. మిరప, పత్తి వేసే ఎందరో కౌలు రైతులు నేటికీ నోటిమాట మీదనే పొలం చేస్తారు. మాట బాగుంటే అంతా బాగానే ఉంటుంది. పంట పోయినప్పుడు, బ్యాంకు అప్పు కావలసినప్పుడు, నష్టపరిహారం వచ్చినప్పుడు కాగితం అడుగుతారు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల కార్డు కావాలన్నా భూమి యజమానితో ఒప్పందం చూపించవలసి వచ్చింది. నోటి 'సరే'కూ, కాగితం 'సరే'కూ మధ్య దూరం ఎంత ఉందో మన తల్లిదండ్రులకు పుస్తకం చదవకుండానే తెలుసు.

6. ఓటు అంటే మొక్కు

'ఓటు' అనే మాట లాటిన్ 'వోతుమ్' నుంచి వచ్చింది. దాని అర్థం 'దేవుడికి మొక్కుకున్న మొక్కు'. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన కోటప్పకొండ ప్రభలే గుర్తుకొచ్చాయి. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ వారు ఎత్తయిన ప్రభలు కట్టి, రంగు కాగితాలు, విద్యుద్దీపాలు అలంకరించి త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు తీసుకొస్తారు. ప్రభ కట్టడం ఆ ఊరి మొక్కు. లాటిన్‌లో చెప్పాలంటే అది ఆ ఊరి వోతుమ్. మొక్కు నుంచి కోరిక, కోరిక నుంచి 'నేను వీరిని కోరుకుంటున్నాను' అనే అర్థం వచ్చి ఓటు అయింది.

రోమ్‌లో క్రీస్తుపూర్వం 139 వరకు ఓటు నోటితో చెప్పాలి. పెద్దమనుషులు పక్కనే నిలబడి వింటుంటే పేదవాడు తన మనసులో మాట ఎలా చెబుతాడు? అందుకే ఆ ఏడాది ఎన్నికలకు రాత ఓటు, అంటే రహస్య ఓటు పెట్టారు. తర్వాత చట్టాలు చేసేటప్పుడూ ఆ పద్ధతే వచ్చింది. మైనం పూసిన చిన్న పలక మీద ఒప్పుకునేవాడు 'ఉతి రోగాస్' అనే మాటల మొదటి అక్షరాలు గీసేవాడు. 'నువ్వు అడిగినట్టే' అని దాని అర్థం. ఒప్పుకోనివాడు 'అంతీక్వో' అనే మాట మొదటి అక్షరం గీసేవాడు. 'పాతదే ఉండనీ' అని అర్థం.

మన దేశంలో 1951-52 ఎన్నికల్లో చదువు ఉన్నా లేకపోయినా, భూమి ఉన్నా లేకపోయినా, ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. 1989లో ఆ వయసు పద్దెనిమిదికి తగ్గింది. అది మన ముందు తరాల వారికి డాక్టర్ అంబేద్కర్, రాజ్యాంగ సభ ఇచ్చిన హక్కు. మొక్కును డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం చెల్లించం కదా. ఓటు కూడా అంతే.

7. తల ఊపడం, మౌనం, వేలిముద్ర

ఒప్పుకోలు నోటితోనే చెప్పనక్కరలేదు. లాటిన్‌లో 'అన్నుఎరే' అంటే తల ఊపి ఒప్పుకోవడం. అమెరికా ఒక డాలరు నోటు మీద ఒక కన్ను బొమ్మ పైన లాటిన్ మాటలు ఉంటాయి. 1782లో ఖరారైన ఆ దేశపు రాజముద్రలోవి అవి. 'మా ప్రయత్నాలకు ఆయన తల ఊపాడు', అంటే దేవుడు ఆమోదించాడు అని వాటి భావం. మనమూ 'తలూపాడు' అంటే ఒప్పుకున్నాడనే అంటాం. కానీ తెలుగువాడు ఇంకో అడుగు ముందుకు వేసి 'గంగిరెద్దులా తలూపకు' అని హెచ్చరిక కూడా కలిపాడు. సన్నాయి ఊదితే ఊపే తల ఒప్పుకోలు కాదు.

ఇక మౌనం. 'మౌనం అర్ధాంగీకారం' అని మనం అంటాం. 1298లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ వెలువరించిన చర్చి న్యాయసూత్రాల్లో కూడా, మౌనంగా ఉన్నవాడు ఒప్పుకున్నట్టే అనిపిస్తాడు అనే సూత్రం ఉంది. అయితే దాని పక్కనే ఇంకో సూత్రం కూడా ఉంది. మౌనంగా ఉన్నవాడు ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు అని. మొదటి సూత్రాన్ని అందరూ చెబుతారు, రెండోదాన్ని ఎవరూ చెప్పరు. మనం మాత్రం రెండోదే గుర్తుపెట్టుకోవాలి. భయం వల్ల, తెలియక, అడగడానికి సిగ్గుపడి ఊరుకున్నవారు ఎందరో ఉంటారు.

మా ఇంట్లో నాకు ముందు తరం వారంతా వేలిముద్ర వేసినవారే. ఏ కాగితం మీద వేశావు నాన్నా అంటే, "ఏమో, అవసరమన్నారు, వేశాను" అనేవాడు మా నాన్న. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే మాట వినిపిస్తూ ఉంటుంది. అందుకే చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అనుకుని ఒప్పుకుంటేనే అది సమ్మతి. 14వ సెక్షన్ ప్రకారం బలవంతం, అనుచిత ఒత్తిడి, మోసం, తప్పుడు మాటలు, పొరపాటు లేకుండా ఇచ్చినదే స్వేచ్ఛా సమ్మతి. పద్దెనిమిదేళ్ళు నిండనివారు చేసిన ఒప్పందం చెల్లనే చెల్లదని 1903లో ప్రివీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. చూశారా, 'కన్సెంట్' అనే లాటిన్ మాటలోని 'కలిసి అనుభూతి చెందడం' అనే అర్థమే చట్టంలో నిలబడింది. ఒకరికి అర్థమై, ఇంకొకరికి అర్థం కానిది సమ్మతి కాదు.

ఒప్పుకోలుకు షరతు కూడా ఉంటుంది. దానికి మన కొండ స్థలపురాణాన్ని మించిన ఉదాహరణ లేదు. రోజూ కొండెక్కి స్వామిని సేవించే గొల్లభామ ఆనందవల్లి, ఎక్కలేని స్థితి వచ్చి, స్వామినే తన ఇంటికి రమ్మని వేడుకుంది. స్వామి సరేనన్నాడు. ఒక్క షరతు పెట్టాడు, దారిలో వెనక్కి తిరిగి చూడకూడదని. బ్రహ్మశిఖరం దగ్గర ఆమె వెనక్కి చూసింది. స్వామి అక్కడే నిలిచిపోయాడు. భక్తులు ఈ కథను భక్తితో చెప్పుకుంటారు. విద్యార్థిగా మనం ఇంకొకటి కూడా గ్రహించవచ్చు. ఏ 'సరే' వెనుక ఏ షరతు ఉందో అడిగి, గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే అడుగు వేయాలి. కాగితాల్లో ఆ షరతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి.

8. 'వద్దు' అనగలిగినవారి 'సరే'కే విలువ

'వీటో' అనే మాట ఐక్యరాజ్యసమితి వార్తల్లో వింటుంటాం. భద్రతామండలిలో ఐదు పెద్ద దేశాలకు ఉన్న హక్కు అది. కానీ ఆ మాట పెద్దవాళ్ళ కోసం పుట్టలేదు. లాటిన్‌లో 'వీటో' అంటే 'నేను అడ్డుకుంటున్నాను'. రోమ్‌లో సామాన్య జనం తమ తరఫున ఎన్నుకున్న ట్రిబ్యూన్లకు, పెద్దల నిర్ణయాన్ని ఆపే హక్కు ఉండేది. అంటే అది మొదట పేదవాడి ఆయుధం.

చెల్లెళ్ళకు ఈ సంగతి మరీ ముఖ్యం. పెళ్ళిని నిలబెట్టేది ఇద్దరి సమ్మతే అని రోమన్ న్యాయవేత్తలు ఏనాడో అన్నారు. మన ఊళ్ళలో తాంబూలాలు పుచ్చుకోవడంతో పెద్దల సమ్మతి తెలిసిపోతుంది. మరి అమ్మాయి సమ్మతి? 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలి. పదో తరగతి సెలవుల్లో ఇంటికి వెళ్ళి తిరిగి హాస్టల్‌కు రాని చెల్లెలు ఏ బ్యాచ్‌లోనైనా ఒకరుంటారు. ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె మౌనాన్నే ఒప్పుకోలు అనుకున్నారు. అలాంటి పరిస్థితి మీకో, మీ స్నేహితురాలికో వస్తే టీచరు గారికి, వార్డెన్ గారికి చెప్పండి. 1098 నంబరుకు డబ్బు లేకుండా ఫోన్ చేయవచ్చు. 'వద్దు, నేను చదువుకుంటాను' అనడం పెద్దలను ఎదిరించడం కాదు.

గుర్తుంచుకోవలసినవి

1. సంతకం పెట్టే ముందు కాగితం మొదటి నుంచి చివరి వరకు చదవాలి. చదవడానికి టైము అడగడం తప్పు కాదు.
2. అర్థం కాని మాట కింద గీత గీసి, దాని అర్థం అడగాలి.
3. ఖాళీ కాగితం మీద, ఖాళీ గడులున్న ఫారం మీద సంతకం పెట్టకూడదు.
4. సంతకం చేసిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోవాలి.
5. ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలు వేలిముద్ర వేసే కాగితాన్ని మీరే చదివి వినిపించాలి. వాళ్ళు వద్దంటే వేయనక్కరలేదని చెప్పాలి.

అభ్యాసం

అ) మీ ఇంట్లో, మీ ఊళ్ళో 'సరే' అనడానికి వాడే మాటలన్నీ ఒక పేజీలో రాయండి. ఆఁ, ఊఁ, అట్టాగే, సర్లే, కానీ, కానివ్వండి... ఇంకా ఎన్ని దొరుకుతాయో చూడండి. ఏ మాట ఎవరితో అంటారో కూడా రాయండి.
ఆ) మీ స్కాలర్‌షిప్ దరఖాస్తులో లాటిన్ నుంచి వచ్చిన మాటలు ఎన్ని ఉన్నాయో గుర్తించండి.
ఇ) 'సర్లే' అనడానికీ 'సరే' అనడానికీ తేడా ఏమిటి? ఐదు వాక్యాల్లో రాయండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీలో కొందరు ఆఫీసర్లవుతారు. మీ బల్ల మీదికి ఫైళ్ళు వస్తాయి. వాటి మీద 'శాంక్షన్' అని రాసే కలం మీ చేతికి వస్తుంది. ఆ రోజు బల్లకు అవతల నిలబడినవారు చేతిలో కాగితం పట్టుకుని, అందులో ఏముందో తెలియక నిలబడి ఉంటారు. ముందు వారికి కూర్చోమని కుర్చీ చూపించండి. తర్వాత ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపించండి. వారు 'అర్థమైంది, సరే' అన్నాకే సంతకం పెట్టించుకోండి.

మీ అందరికీ హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలు. రాబోయే పరీక్షల్లో అందరూ మంచి మార్కులతో పాసవ్వాలని కోరుకుంటూ,

మీ సీనియర్